నడవమన్నారు సరే, ఎక్కడ నడవాలి?

షుగర్ ఉన్న మనిషిని పట్టుకుని ‘నడవండి’ అనడం ఈ దేశంలో అన్నిటికన్నా తేలికైన పని. డాక్టరు అంటాడు, పక్కింటివాళ్లు అంటారు, పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్న చుట్టం అంటాడు. ఆ ఒక్క మాటతో ఎవరి బాధ్యత వాళ్లకి తీరిపోతుంది. నడవడానికి దారుందా, తీరికుందా, కాళ్లు బాగున్నాయా అని అడిగే నాథుడు లేడు. మూడు నెలల షుగర్ పెరిగినట్టు రిపోర్టు వస్తే మాత్రం అందరిదీ ఒకటే తీర్పు: బద్ధకం. ఈ మాట వినీ వినీ ఒళ్లు మండిపోతోంది.

మొన్న మా పిన్నిని షుగర్ చెకప్‌కి తీసుకెళ్లాను. ‘వాకింగ్ చేస్తున్నారామ్మా?’ అని తలెత్తకుండానే అడిగారు డాక్టరుగారు. ‘చేస్తున్నానండీ’ అంది పిన్ని. అబద్ధం. తిడతారేమోనని ఆడిన అబద్ధం. ‘మరి తగ్గలేదేం?’ అంటూ ఆయన మాత్ర డోసు పెంచారు. చీటీలో మందులన్నిటి కింద ‘వాకింగ్’ అని ఒక్క ముక్క రాశారు. ఎంతసేపు? మాత్ర వేసుకుని పరగడుపున నడవొచ్చా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని చేసేవేమైనా ఉన్నాయా? ఏమీ లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే ఎడమకాలి బొటనవేలి పక్కన బొబ్బ చితికి, రసి చెప్పు పట్టీకి అంటుకుని ఉంది. ‘నొప్పేం లేదే!’ అంది పిన్ని. నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమని ఆమెకి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఏదీ, మీ పాదాలు చూపించండి అని అడిగినవాళ్లూ లేరు.

నడక విలువ తెలుసు కాబట్టే ఇంత కోపం. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. నడక చేసే మేలు ఒకరోజు, మహా అయితే మూడ్రోజులు ఉంటుంది. అందుకే వరసగా రెండ్రోజులకు మించి మానొద్దంటారు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, దానికితోడు రెండుమూడు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. ఇదంతా వైద్యులకు తెలియంది కాదు. ఒట్టి సలహా పనిచేయదనీ తెలుసు. 2011లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ఈ సంగతి తేల్చింది. పద్ధతి ప్రకారం దగ్గరుండి చేయించిన వ్యాయామంతో మూడు నెలల షుగర్ సగటున 0.67 శాతం పాయింట్లు తగ్గింది. ఆహారం గురించి ఏమీ చెప్పకుండా, వ్యాయామం చేయమని ఊరికే చెప్పి వదిలేసినచోట ఫలితం కనబడలేదు. మన ఆసుపత్రుల్లో జరుగుతున్నది ఆ చెప్పి వదిలేయడమే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. ఇంతమందీ బద్ధకస్తులేనా? ఒక్కసారి మా వీధిలోకి రండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన వరసగా బైకులు, ఆ తర్వాత మూత విరిగిన మురుగు కాలువ. కిందికి దిగితే ఆటోలు, బస్సులు. సందులోకి తిరిగితే కుక్కలు. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డేమీ లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ ఉండడం జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32 వేల పైచిలుకు. అయినా ఏ మున్సిపాలిటీకీ చీమ కుట్టినట్టయినా లేదు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడిచేవాళ్లకు దారి వదులుతారు. అక్కడ వీలైంది మిగతా ఊళ్లలో ఎందుకు వీలుకాదు?

ఇక ఇంట్లో ఆడవాళ్ల పట్ల ఉదాసీనత గురించి చెప్పాలంటే నోరు చేదవుతుంది. ‘పొద్దస్తమానం ఇంటిపని చేస్తూనే ఉంటుందిగా, మళ్లీ వాకింగెందుకు?’ అంటారు. పొయ్యి ముందు గంటలు నిలబడితే కాళ్లు వాస్తాయే తప్ప ఊపిరి వేగం పెరిగే నడకకు అది సాటిరాదు. పొద్దున నడుద్దామంటే క్యారేజీలు, సాయంత్రం నడుద్దామంటే టిఫిన్లు. 2022 నాటికి మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతమని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ అధ్యయనం చెప్పింది. రోజంతా చాకిరీ చేసే ఆడవాళ్ల దగ్గరే ఈ లోటు ఎక్కువంటే సిగ్గుపడాల్సింది ఎవరు?

అయ్యా డాక్టర్లూ, మందుకు రాసినట్టే నడకకూ మోతాదు రాయండి. భోజనం చేశాక పది నిమిషాలు నడిచినా మేలేనని చెప్పండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లకు షుగర్ పడిపోతే ఏం చేయాలో, జేబులో చక్కెరో గ్లూకోజో ఎందుకుండాలో విడమరచండి. పాదాలు చూడండి. మున్సిపల్ కమిషనర్లూ, పార్కులకు పగలంతా తాళాలెందుకు? తెరవండి, దీపాలు వెలిగించండి, మరుగుదొడ్లు కట్టండి. ఇంట్లోవాళ్లూ, రోజుకో అరగంట ఆ పొయ్యి దగ్గర మీరు నిలబడండి. మంచి బూట్లు కొనివ్వండి, రాత్రిపూట ఆ పాదాలు ఓసారి చూడండి.

దారి చూపకుండా, తోడు రాకుండా నడవమనడం చేతులు దులుపుకోవడమే. ఈసారి షుగర్ ఉన్నవాళ్లు ఎదురైతే ‘పదండి, నేనూ వస్తా’ అనండి. అంతమాత్రం చేయలేకపోతే వాళ్లని బద్ధకస్తులనే హక్కు మీకు లేదు.