పుల్లలా, ఫోర్కా?

ఆసియా వంటంటే చాప్‌స్టిక్స్‌తోనే తినాలని మన పిల్లలు అనుకుంటున్నారు. పాఠం చెప్పే మేము ఒప్పుకోం. థాయ్‌లాండ్‌లో ఎడమచేతి ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి తోసుకుని తింటారు. పుల్లలు ఎక్కువగా నూడుల్స్‌కే. ఆ దేశపు ఈశాన్యంలోనైతే జిగురన్నం చేత్తోనే ముద్ద చేస్తారు. కొరియాలో అన్నానికి చెంచా, పక్క కూరలకు లోహపు పుల్లలు. జపాన్ అన్నం అంటుకుంటుంది కనుక పుల్లలకు అందుతుంది. మన పప్పుచారన్నం అందదు (ఫోర్కు మీదైతే అసలే నిలవదు!). పుల్లలు పట్టడం రాకపోతే ఫోర్కు అడగడం నామోషీ కాదు.

మా బాధ వేరు. బడిలో డబ్బా విప్పి చేత్తో కలుపుకునే పిల్లను చూసి పక్కవాళ్లు నవ్వితే, ఆ పిల్ల రేపు చెంచా తెస్తుంది, ఎల్లుండి పప్పన్నమే మానేస్తుంది. అమ్మలూ నాన్నలూ, బిడ్డ ఉన్నట్టుండి చెంచా అడిగితే ఎందుకో కనుక్కోండి, మాకూ చెప్పండి.