రోగనిరోధకశక్తిని ‘పెంచడం’ అనే మాట గురించి

‘రోగనిరోధకశక్తిని పెంచును’ అని అట్టమీద ముద్రించుకున్న సీసాలకు కోవిడ్ కాలంలో వచ్చిన గిరాకీ ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఉసిరి, పసుపు, జింకు, విటమిన్ సి, ఏవేవో భస్మాలు. వీటిలో కొన్ని ఆహారంగా మంచివే. నా అభ్యంతరం వాటిమీద కాదు, ఆ వాక్యంలోని క్రియాపదం మీద. రక్షణశక్తి చాలకనే మనుషులు మరణించారనీ, అది ఎంత ఎక్కువైతే అంత మేలనీ ఆ మాటకు అర్థం. తీవ్రమైన కోవిడ్‌లో జరిగింది అది కాదు.

తొలిరోజుల్లో వైరస్‌ను నిలువరించవలసినవి ఇంటర్‌ఫెరాన్లు. కొందరిలో ఆ స్పందన మందగించింది. ప్రాణాపాయస్థితికి చేరినవారిలో దాదాపు పదిమందికి ఒకరిలో, సొంత ఇంటర్‌ఫెరాన్లనే నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు ఉన్నాయని 2020లో ఒక అంతర్జాతీయ పరిశోధన చూపింది. రెండవ వారానికి పరిస్థితి తారుమారవుతుంది. ఆలస్యంగా మేల్కొన్న రక్షణవ్యవస్థ అదుపు తప్పి విజృంభిస్తుంది. సైటోకైన్ల ప్రేరణతో మోనోసైట్లనే తెల్లకణాల ఉపరితలం మీద ‘టిష్యూ ఫ్యాక్టర్’ అనే ప్రోటీను వెలుస్తుంది. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి శ్రీకారం చుట్టేది ఇదే. ఇక్కడ గాయం లేదు, అయినా ఆజ్ఞ వెలువడింది. న్యూట్రోఫిల్ కణాలు తమ కేంద్రకంలోని డీఎన్‌ఏను వలలా వెదజల్లుతాయి. సూక్ష్మజీవులను పట్టవలసిన ఆ వలలో ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు చిక్కుకుంటాయి. రక్తాన్ని గడ్డకట్టనీయకుండా కాపాడే రక్తనాళాల లోపలిపొర తాపానికి గురై ఆ గుణాన్ని కోల్పోతుంది. ఫైబ్రిన్ పోగులు అల్లుకుంటాయి, ప్రవాహం ఆగుతుంది.

కోవిడ్‌తో మరణించినవారి ఊపిరితిత్తులను ఇన్‌ఫ్లుయెంజాతో మరణించినవారి ఊపిరితిత్తులతో పోల్చిచూసిన అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. పరీక్షించినవి కొద్ది శవాలే, ఒక్కొక్క వ్యాధికి ఏడేసి. కాని గాలిగదుల చుట్టూ ఉండే కేశనాళికల్లో సూక్ష్మమైన గడ్డలు కోవిడ్ మృతుల్లో తొమ్మిది రెట్లు అధికంగా కనిపించాయి. గాలి లోపలికి వెళ్తున్నది, దాన్ని అందుకోవలసిన రక్తం మాత్రం దారిలోనే పేరుకుపోయింది.

ఇది వైరస్ కనిపెట్టిన కొత్త కుతంత్రమేమీ కాదు. రోగరక్షణ, రక్తం గడ్డకట్టడం పుట్టుకతోనే బంధువులు. ఒడిశా తీరంలో గుర్రపుడెక్క ఆకారంలో పీతవంటి జీవి ఒకటి ఉంటుంది. దాని రక్తానికి కొన్ని బాక్టీరియాల విషపదార్థం తగిలితే చాలు, అక్కడికక్కడే గడ్డకట్టి శత్రువును బంధిస్తుంది. దానికి రెండు పనులూ ఒక్కటే. మనలో అవి వేరుపడినా తెగతెంపులు కాలేదు. అలాంటి వ్యవస్థను ‘పెంచుతాను’ అనేవాడు ఏ భాగాన్ని, ఏ రోజున, ఎంత పెంచుతాడో చెప్పాలి. ఏ సీసామీదా ఆ వివరం ఉండదు. (టీకా మాటేమిటని అడగవచ్చు. టీకా శత్రువును ముందుగా పరిచయం చేస్తుంది. ఆలస్యాన్ని, తత్తరపాటును తప్పిస్తుంది. అది నేర్పడం, పెంచడం కాదు.)

ఇక రెండవ వర్గం. రక్షణవ్యవస్థే హాని చేస్తుందని సగం విని, జ్వరం వచ్చిన మూడవనాడే స్టెరాయిడ్లు, రక్తం పలుచబడే మందులు మొదలుపెట్టినవారు. ఆ చీటీలు రాసినవారిలో పట్టాలున్న వైద్యులూ ఉన్నారు. ‘ముందుజాగ్రత్తగా వేసుకుంటే నష్టమేమిటి?’ అన్నది వీరి వాదం. నష్టముంది. బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరిశోధనలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడవ వంతు, ప్రాణవాయువు అవసరమైనవారిలో అయిదవ వంతు తగ్గించింది. ప్రాణవాయువు అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. వైరస్ ఇంకా వృద్ధి చెందుతున్న దశలో కాపలాదారుని నిద్రపుచ్చడమే అది. పైగా స్టెరాయిడ్ చక్కెరను పెంచుతుంది. 2021 వేసవిలో మనం చూసిన బ్లాక్ ఫంగస్ వెనుక అదుపులేని మధుమేహం, విచ్చలవిడి స్టెరాయిడ్లు ఉన్నాయి.

హెపరిన్ సంగతీ ఇంతే. పూర్తి మోతాదు హెపరిన్ ఆసుపత్రిలో చేరి ఇంకా విషమించనివారికి మేలు చేసింది, ఐసీయూకు చేరినవారికి చేయలేదు. 2021లో వెలువడిన బహుళదేశ పరిశోధన సారం ఇది. ఇంటివద్ద ఉన్న స్వల్పవ్యాధిగ్రస్తులకు ఆస్పిరిన్ వల్ల గాని, అపిక్సబాన్ వల్ల గాని ప్రయోజనం కనిపించలేదు. మందు ఒకటే, రోజు మారితే ఫలితం మారింది.

డి-డైమర్ పరీక్ష కాగితాలు పట్టుకుని తిరిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఫైబ్రిన్ విచ్ఛిన్నమైనప్పుడు మిగిలే తునక అది. వయస్సుతో, గర్భంతో, శస్త్రచికిత్సతో, ఏ తాపంతోనైనా పెరుగుతుంది. ఆ అంకెను చూసి మందు కొనడం వైద్యం కాదు. ఒక కాలిపిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబడటం — వీటిలో ఏది కనిపించినా ప్రయోగశాలకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

వానకాలపు జ్వరానికి కూడా రక్తం చిక్కబడుతుందనే భయంతో ఆస్పిరిన్ మింగేవారికి ఒక్కమాట. మన ప్రాంతంలో ఆ జ్వరం డెంగీ కావచ్చు. తొలి రెండు మూడు రోజుల్లో లక్షణాలను బట్టి ఏది ఏదో చెప్పడం వైద్యునికే కష్టం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నాళాలు కారుతాయి. అక్కడ ఆస్పిరిన్ రక్తస్రావానికి దారి తీయగలదు.