తాళము – తాళపుచెవి

హైదరాబాదు పాతబస్తీలో పత్తర్‌గట్టికి చేరువనున్న ఛత్తా బజారు ముద్రణశాలలకు పేరొందినది. పూర్వము అచట కాతిబులు, అనగా లేఖకులు, ఉర్దూ అక్షరములను కలముతో ముత్యములవలె వ్రాసియిచ్చుచుండగా వానిని శిలాముద్రణమున అచ్చువేసెడివారు. ఇప్పుడా పనిలో అధికభాగమును కంప్యూటరు చేయుచున్నది. కాతిబు వ్రాసిన కాగితము తడిసినను, అంచులు చినిగినను, మిగిలినదానిని చదువుకొనవచ్చును. తాళము వేసిన డిస్కులోని వ్రాత అట్టిది కాదు. చెవి పోయినచో అంతయు పోయినట్లే. ఈ భేదమును మనవారింకను గ్రహింపలేదని నా అభిప్రాయము.

ఒక ముద్రణశాలలో కంప్యూటరు మందగించినదనుకొనుడు. డిస్కు నిండిపోవుట, యంత్రమును తెరచినంతనే అక్కరలేని ప్రోగ్రాములు పది మేల్కొనుట, తాత్కాలికజ్ఞాపకము చాలకుండుట – సాధారణముగా కారణములివియే. అక్కరలేనివానిని తొలగించినను, తిరుగుడు డిస్కునకు బదులుగా కదలికలేని ఎస్.ఎస్.డి.ని అమర్చినను యంత్రము చురుకుదనము పొందును. కాని మనకు ఓపిక తక్కువ. "అంతయు తుడిచి క్రొత్తగా వేసి యిండు" అని బాగుచేయువానితో చెప్పుదుము. పాత శుభలేఖల నమూనాలు, బాకీల పట్టిక, ఇంటిల్లిపాది ఛాయాచిత్రములు అందే యున్నవని మరునాడు జ్ఞప్తికి వచ్చును.

తాళము వేయని పాత తిరుగుడు డిస్కయినచో కొంత ఆశ కలదు. అందు ఒక ఫైలును తొలగించుట యనగా గ్రంథమునందలి విషయసూచికనుండి ఒక పేరును కొట్టివేయుటయే; పుటలు ఉన్నచోటనే యుండును. వానిపై క్రొత్త వ్రాత పడకమునుపే యంత్రమును ఆపినయెడల నేర్పరులు వానిని వెలికితీయగలరు. ఎస్.ఎస్.డి.లో ఈ ఆశ చాల తక్కువ. తొలగించిన పుటలను అది తన వేగముకొరకు తానే తుడిచివేసికొనును. వేగమును కోరువాడు ఈ మూల్యమునుకూడ ఎరిగియుండవలెను.

ఇక గుప్తలిపి సంగతి. నేటి లాప్‌టాపులు పెక్కింటిలో డిస్కులోని సమస్తమును గుప్తలిపిలోనికి మార్చు ఏర్పాటు కలదు. ఒక్కొక్కచో యజమాని గమనింపకయే అది ఆరంభమగును. లోపలి ప్రధానఫలకమును మార్చిన దినమున యంత్రము 48 అంకెల రికవరీ కీని అడుగును. అప్పుడు యజమాని తెల్లబోవును. ఈ గుప్తీకరణమునకు ఆధారమైన ఏ.ఇ.ఎస్. అను పద్ధతిని ఇద్దరు బెల్జియము దేశీయులు రూపొందింపగా, 2001లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించెను. అందు చిన్నదైన తాళపుచెవికే 128 స్థానములుండును. ఒక్కొక్క స్థానమున సున్నగాని ఒకటిగాని యుండును. 128 రెండ్లను వరుసగా గుణించి చూడుడు, 39 అంకెల సంఖ్య వచ్చును. సెకనునకు కోటి కోట్ల చెవులను పరీక్షించు యంత్రమున్నను, అన్నింటిని పరీక్షించుటకు పట్టు కాలము, శాస్త్రజ్ఞులు విశ్వమునకు చెప్పెడు 1380 కోట్ల సంవత్సరముల వయస్సునకు లక్షల రెట్లు మించును. (యజమాని పాస్‌వర్డుగా 1234 అని పెట్టుకొన్నచో మాత్రము పొరుగింటి పిల్లవాడైనను తెరువగలడు!)

పూర్వపు వ్రాతలలోను తాళములవంటివి కలవు. మన నగరమున తార్నాకలోనున్న రాష్ట్ర పురాభిలేఖాలయమున షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పత్రములు భద్రపరుపబడియున్నవి. ఆ కాలపు గొలుసుకట్టు పారసీకమును, లెక్కలకు వాడిన 'సియాఖ్' అను అంకెల లిపిని చదువగలవారు నేడు మిక్కిలి కొలదిమంది. అయినను అది విద్య. ఓపికగల శిష్యుడు నేర్చుకొనగలడు. ఏ.ఇ.ఎస్. గుప్తలిపిని చెవి లేక ఏ పండితుడును చదువలేడు.

"తయారుచేయువారే అన్ని యంత్రములకు సరిపోవు ఒక మారుతాళపుచెవిని దాచియుంచరాదా?" అని కొందరందురు. ఇది నాకు సమ్మతము కాదు. యజమాని తానెరిగి దాచుకొన్న ప్రతి వేరు, ఊరందరి ఇండ్లకు సరిపోవు ఒకే చెవి వేరు. అట్టి చెవి దొంగకు చిక్కిననాడు ఎవరి ఇల్లు మిగులును?

దొంగలే తాళము వేసిన ఉదాహరణము కలదు. 2017 మే 12వ తేదీన 'వానాక్రై' అను దుష్టప్రోగ్రాము నూరుకుపైగా దేశములలో కంప్యూటర్లలోని ఫైళ్లను గుప్తలిపిగా మార్చి, విడుదలకు సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. దానికి విరుగుడైన నవీకరణమును మైక్రోసాఫ్టువారు ఆ మార్చి నెలలోనే విడుదలచేసియుండిరి. "నవీకరణములు యంత్రమును మందగింపజేయును" అని వానిని నిలిపివేయువారు ఈ సంగతిని గమనింతురుగాక. ఆపక నడచుచున్న కొన్ని యంత్రముల జ్ఞాపకమున మిగిలిపోయిన సంఖ్యలనుండి పరిశోధకులు తాళపుచెవిని రాబట్టగలిగిరి. అదియు తాళమును పగులగొట్టుట కాదు, తలుపునకే మరచిన చెవిని కనుగొనుట. కావున ఎట్టి గుప్తలిపినైనను విప్పెదమని సొమ్ము ముందుగా అడుగువారిని నమ్మరాదు.

మరి చేయదగినదేమి? ప్రతులు. అవియు ఒకే ఇంట కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. ఇండ్లతోపాటు ఇండ్లలోని పత్రములును పోయినవని వేరుగా చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరులోను ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట ప్రాంతములలో ఇండ్లు నీటమునిగినవి. ఒక ప్రతి యంత్రములోను, రెండవది విడిగా వేరొక డిస్కులోను, మూడవది వేరొక పేటనున్న బంధువుల ఇంటనో, దూరమునందలి సర్వరులోనో ఉండవలెను. నెలకొకమారైన ఆ ప్రతిని తెరచి చూడవలెను. తెరువబడని ప్రతి ఉన్నను లేనట్లే.

బాగుచేయువారికిని ఒక మాట. యంత్రమును చేతికి తీసికొనినంతనే, "ప్రతి యున్నదా? రికవరీ కీ వ్రాసికొంటిరా?" అని అడుగు ఆచారము ప్రతి దుకాణమునను ఏర్పడవలెను. ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో ఉంచవలెను. లాప్‌టాపు సంచిలో మాత్రము ఉంచరాదు. సంచి పోయిననాడు రెండును కలిసియే పోవును.