బూర ఆగినప్పుడు వినిపించేది

బలవంతుడు, బలహీనుడు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే బలవంతుడి మాటే వినిపిస్తుంది. ఇది లోకరీతి. మూడు వందల ఏళ్లనాటి ఒక సంగీత రచన మాత్రం ఆ రీతిని తలకిందులు చేసింది. జర్మన్‌ సంగీతకర్త యోహాన్‌ సెబాస్టియన్‌ బాఖ్‌ 1721 మార్చి 24న బ్రాండెన్‌బర్గ్‌ రాజవంశీకుడు క్రిస్టియన్‌ లుడ్విగ్‌కు 6 కన్సర్టోలు అంకితమిచ్చాడు. ఒకటో కొన్నో వాద్యాలు ముందు నిలిచి పలుకుతుంటే మిగతా బృందం వాటికి తోడు నడిచే రచనే కన్సర్టో. ఆ ఆరింటిలో రెండవదాని కోసం బాఖ్‌ ఎంచుకున్న ముఖ్య వాద్యాలు నాలుగు: ట్రంపెట్‌, రికార్డర్‌, ఓబో, వయొలిన్‌.

ఈ నలుగురికీ పొత్తు కుదరడం కష్టం. ట్రంపెట్‌ యుద్ధాల్లో, రాజుల ఊరేగింపుల్లో మోగే బూర. దాన్ని వాయించేవారికి ఆనాటి జర్మనీలో రాజముద్ర ఉన్న ప్రత్యేక సంఘం, హక్కులు ఉండేవి. రికార్డర్‌ నిలువుగా పట్టి ఊదే కొయ్య పిల్లనగ్రోవి. దాని గొంతు చాలా చిన్నది. ఓబో మన సన్నాయిలాగే రెల్లు పీకతో పలుకుతుంది. నాలుగోది తీగల వయొలిన్‌. ఇంతటి తేడాలున్నా మొదటి భాగంలో ఒకే రాగవాక్యాన్ని నలుగురూ వంతులవారీగా అందుకుంటారు. రెండవ భాగంలో ట్రంపెట్‌ పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు పిల్లనగ్రోవి ప్రతి స్వరమూ మనకు వినిపిస్తుంది. మూడవ భాగాన్ని మళ్లీ ట్రంపెట్టే మొదలుపెడుతుంది. మౌనంగా ఉన్నందుకు దాని ఘనత ఏమీ తగ్గలేదు.

నల్లమల కొండల మీది మా అమ్రాబాద్‌ ప్రాంతానికీ సొంత వాద్యాలున్నాయి. డప్పు ఉంది. వెదురుబొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మీటే కిన్నెర ఉంది. మన నాగర్‌కర్నూల్‌ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 12 మెట్ల కిన్నెర 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టింది. అయినా మన ఆదివారపు ఆరాధనలో వీటికి చోటెక్కడ? చావుకూ జాతరకూ మోగేదని, ఫలానా కులంవారిదని డప్పును గుమ్మం బయటే నిలిపిన సంఘాలున్నాయి. డప్పు కొట్టిన చేతులను క్రీస్తు తన బల్ల దగ్గరకు పిలిచాడు. ఆ చేతులకు రొట్టె అందించి, వాటిలోని డప్పును కాదనడం ఏపాటి సువార్త?

అన్య ఆచారాల్లో వాడినది మందిరంలోకి ఎలా తెస్తామని కొందరు సోదరులు అడుగుతారు. మంచి ప్రశ్నే. మరి సినిమా పాటలన్నిటికీ మోగే కీబోర్డును ఎవరూ ఆపలేదు కదా! నూట యాభయ్యవ కీర్తన బూరను, తంబురను, తంతివాద్యాలను, పిల్లనగ్రోవిని, తాళాలను ఒకే స్తుతికి పిలుస్తుంది. వాటి పుట్టుక గురించి అది ఆరా తీయదు.

అయితే చోటివ్వడంతోనే పని పూర్తికాదు. పెద్ద స్పీకర్లు హోరెత్తుతుంటే వెనక చాప మీద కూర్చున్న అవ్వ పాట ఆమె చెవికే వినపడదు. ఇక కిన్నెర సంగతి చెప్పాలా? శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమైనవని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఆ మాటను మనం ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాం. పాటలో కూడా పాటించాలి. ప్రతి ఆదివారం కనీసం ఒక్క కీర్తనకు కీబోర్డు ఆగాలి, మైకు కట్టేయాలి. డప్పు నెమ్మదిగా దరువు పట్టాలి, కిన్నెర పలకాలి, అవ్వ పాట ఎత్తుకోవాలి.

సంఘ కమిటీలోనూ ఇదే నియమం పనికొస్తుంది. ఎప్పుడూ మాట్లాడే పెద్దలు కాసేపు ఆగితే, ఎన్నడూ నోరు విప్పని విధవరాలు, కూలి సోదరుడు ఏమంటారో తెలుస్తుంది. బలమున్నవారు మౌనం నేర్చుకున్నచోటే బలహీనులకు ధైర్యం పుడుతుంది. ఆ ధైర్యం నిండిన స్తుతి దేవునికి ప్రియమైనది.