చేదుకు అంకె ఒక్కటే చాలదు

అమెరికాలోని చిన్న బ్రూవరీలు తయారుచేసే ‘ఇండియా పేల్ ఏల్’ బీరు డబ్బాల మీద తరచు ఐబీయూ 60, ఐబీయూ 70 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి చేదును తెలిపే కొలతలు. అంకె పెద్దదైతే బీరు కూడా గొప్పదని నమ్మేవారు ఉన్నారు. రుచిని అంచనా వేయడానికి ఈ అంకె పెద్దగా ఉపయోగపడదు.

బీరులో చేదు హాప్స్ అనే తీగ పువ్వుల నుంచి వస్తుంది. వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు మరిగించినప్పుడు ఐసో-ఆల్ఫా ఆమ్లాలుగా మారతాయి. ప్రయోగశాలలో వీటిని ఒక ద్రావణిలోకి తీసి, 275 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటాయో కొలుస్తారు. ఒక ఐబీయూ అంటే లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం. అయితే కాకరకాయ పులుసులో బెల్లం వేస్తే కాయలోని చేదు పోదు, నాలుకకు మాత్రం తగ్గినట్టు అనిపిస్తుంది. బీరులో మాల్ట్ తీపి చేసే పనీ అదే. పైగా, చల్లని బీరులో హాప్స్ నానబెట్టినప్పుడు చేరే వేరే పదార్థాలు అంతగా చేదు లేకపోయినా అంకెను పెంచేస్తాయి.

ఇక వాసన సంగతి ఆ అంకెలో అసలే ఉండదు. 1972లో ఆరెగాన్ పరిశోధకులు విడుదల చేసిన ‘కాస్కేడ్’ రకం హాప్స్ పంపరపనసను తలపిస్తాయి. 1980లో కాలిఫోర్నియాలోని చికోలో మొదలైన సియెర్రా నెవాడా బ్రూవరీ పేల్ ఏల్‌కు ఆ గుర్తింపు తెచ్చింది ఈ పరిమళమే. హాప్స్‌లో ఉండే లినలూల్ మన ధనియాల సువాసనకూ మూలం. హాప్స్‌లోని కొన్ని గంధక సమ్మేళనాలనైతే లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది.

శిక్షణ పొందిన న్యాయనిర్ణేతలు పోటీల్లో వాడే బీజేసీపీ పట్టికలో 50 మార్కులుంటాయి. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో కలిగే స్పర్శకు 5, మొత్తం అనుభూతికి 10. ఐబీయూకు విడిగా ఒక్క మార్కూ లేదు. ఆవిరయ్యే పరిమళాలు త్వరగా ఎగిరిపోతాయి కాబట్టి ముందు వాసన చూస్తారు. ఆ తర్వాత కొన్ని గుక్కలు చాలు.

నిజంగా చూడవలసింది తేదీ. వేడి, ఆక్సిజన్ తగిలితే హాప్స్ పరిమళం వాడిపోతుంది, తడిసిన అట్టపెట్టె వంటి వాసన వస్తుంది. వెలుతురు పడితే ఐసో-ఆల్ఫా ఆమ్లాలు విరిగి దుర్గంధం పుడుతుంది. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. సముద్రాలు దాటి, ఎండలో తిరిగి, నెలల తర్వాత చేరిన బీరును తాగి ‘అమెరికా బీరు ఇంతేనా’ అనడం ఆ బీరుకు అన్యాయం. కొన్ని బ్రూవరీలు నింపిన తేదీని స్పష్టంగా ముద్రిస్తుంటే, మరికొన్ని అర్థంకాని కోడ్‌లో దాచేస్తున్నాయి. ఐబీయూను పెద్ద అక్షరాల్లో వేసేవారు తేదీని కూడా అంతే స్పష్టంగా వేయాలి. కొనేవారికి పనికొచ్చే అంకె అదే.