కేసు పోయింది, కాయితం పోలేదు

కొడుక్కు నౌకరొచ్చిందని తల్లి వాడంత బెల్లం పంచుతది. కొద్ది రోజులకు స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ఊర్లకొస్తడు. పిల్లగాడు ఎట్లాంటోడు, కేసులేమన్న ఉన్నయా అని విచారిస్తడు. ఎవరిని? గ్రామపెద్దలను. బావి కాడ, గుడి కాడ మనతోని కొట్లాటకొచ్చిన పెద్దలనే! వాళ్ల మాట, స్టేషన్ల రిజిస్టరు, ఈ రెండిటి మీదనే నౌకరి, గల్ఫ్ పోయేటోనికి పాస్‌పోర్టు ఆధారపడి ఉన్నయి.

రిజిస్టరు అబద్ధమాడుతదా అని అడిగేటోళ్లున్నారు. అబద్ధమెందుకు, సగం నిజం రాస్తే సాలదా? 2017 జులైల సిరిసిల్ల దగ్గరి నేరెళ్లను యాది చేసుకోండి. ఇసుక లారీ గుద్ది మనిషి చనిపోతే, కోపం పట్టలేక జనం లారీలు తగలబెట్టారు. పోలీసులు దళిత, బీసీ పిల్లలను పట్టుకపోయారు. చిత్రహింసలు పెట్టిన్రని ఆ పిల్లలు చెప్పారు. మీరా కుమార్ అంతటామె వచ్చి పోయింది. ఒక ఎస్సైని సస్పెండ్ చేశారు. లారీల కేసు ఆ పిల్లల పేరు మీద రాసుకున్నారు సరే, తిన్న దెబ్బలు ఎవరి పేరు మీద రాసుకుంటరు?

సర్కారు లెక్కల సంగతి ఆదిలాబాద్ గూడేలను అడగండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పుల్లో చనిపోయింది 13 మందేనని సర్కారు కాయితం. గూడేల లెక్క దానికి ఎన్నో రెట్లు.

నేరెళ్ల అయితే దేశానికి తెలిసింది. తెలియనివి ఊరూరా ఉన్నయి. 1989 అట్రాసిటీ చట్టం కింద మనం ఫిర్యాదు చేస్తే, పొద్దుగూకే లోపల అవతలోళ్లు మన మీద కొట్టిండనో, దొంగతనం చేసిండనో కౌంటరు కేసు పెడతరు. మీరు తీసుకుంటే మేం తీసుకుంటమంటరు. పెద్దమనుషులు కూసుంటరు, రాజీ అయితది, అందరు చాయ్ తాగి లేస్తరు. ఎఫ్‌ఐఆర్ నంబరు మాత్రం లేవదు. పదేండ్లకు ఆ ఇంటి పిల్లగాడు కానిస్టేబుల్ పరీక్ష పాసయిన నాడు అది నోరు తెరుస్తది.

సున్నితమైనవి తప్ప ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైటుల పెట్టాలని 2016ల సుప్రీంకోర్టు చెప్పింది. నిందితునికి కాపీ దొరకాలని ఇచ్చిన మంచి తీర్పే. మరి కేసు కొట్టేసిన సంగతి ఎన్ని గంటల్ల ఎక్కియ్యాలె? ఆ తీర్పుల దానికి గడువు లేదు.

అదే ఏడు అవతార్ సింగ్ కేసుల, చిన్న వయసుల నినాదాలిచ్చినటువంటి చిల్లర కేసులు దాచినా అధికారి మన్నించవచ్చునన్నది. మన్నించవచ్చునట! మన్నించాలె అనలేదు. 2024 మేల అమానతుల్లా ఖాన్ కేసుల ఇంకొంచెం ముందుకొచ్చి, వెనుకబడిన కులాలు, షెడ్యూల్డు కులాలు, తెగల అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లల్ల గుడ్డిగా ఎక్కకుండా చూడాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఎరుకలోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. నేరస్థ తెగల చట్టం 1952లనే రద్దయింది. స్టేషను చూపు రద్దయిందా?

కేసు రాసిన పేజీలనే కొట్టేసిన తారీఖు కూడ రాయాలె. విచారణ రిపోర్టు పైకి పోకముందే అభ్యర్థికి చూపాలె. ఇది మా డిమాండు.

అప్పటిదాక మన పని మనం చేసుకుందాం. అటెస్టేషన్ ఫారంల కేసులున్నయా అని అడిగిన కాడ భయపడి ‘లేదు’ అని రాయకండి. దాచినవని అదొక కొత్త నేరమయితది. లోక్ అదాలత్ రాజీ అయినా సరే, ఉన్నదున్నట్టు రాసి తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేయండి. ఇంకో కాపీ ఎస్పీ ఆఫీసుల ఇచ్చి రసీదు తీసుకోండి. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ పేరు మీద ఏమున్నదో అడగండి. 2016ల జిల్లాలు చీలినయి కాబట్టి పాత జిల్లాలనూ, కొత్త జిల్లాలనూ అడగండి. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు వాడల కూసోని ఈ దరఖాస్తులు రాసియ్యాలె. వచ్చిన జవాబుల నకళ్లు మాకు పంపండి. పేర్లు తీసేసి, ఏ స్టేషను ఏం రాసిందో వరుసగ అచ్చేస్తాం.