నడిచే తల్లికి మన ఇంటి గుమ్మం తెరుద్దాం!

సింహాచలం గిరి ప్రదక్షిణ దారి పొడవునా కాపురముంటున్న గృహస్థులకు, దుకాణదారులకు, అపార్ట్‌మెంట్ సంఘాల వారికి, మా తమ్ముళ్లయిన కాలనీ కుర్రాళ్లకు మనవి.

అక్కలారా, అన్నలారా,

ఆషాఢ శుద్ధ చతుర్దశి దగ్గరకొచ్చింది. ఆ రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం కదులుతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, మురళీనగర్, బుచ్చిరాజుపాలెం, ప్రహ్లాదపురం దాటి మళ్లీ తొలిపావంచాకే చేరాలి. మొత్తం 32 కిలోమీటర్లు. అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. మన అప్పన్న కొండ చుట్టూ తిరిగి రావడం దానికి రెట్టింపు పైమాటే. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, అనకాపల్లి నుంచి, ఒడిశా పల్లెల నుంచి కూడా ఇంటిల్లిపాదీ వస్తారు. తాత ముందు, చంకలో పిల్లతో కోడలు ఆ వెనక, సంచీలు మోస్తూ కొడుకు అందరికంటే వెనక. చాలామంది కాళ్లకు చెప్పులుండవు.

వీళ్లు మనకు పరాయివాళ్లు కారు. ఉత్తరాంధ్రలో అప్పన్న పేరు పెట్టుకోని కుటుంబం ఏది? అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాద్రి, సింహాచలం... ఏ వీధిలో నిలబడి కేకేసినా ఒకరు పలుకుతారు. కోడెదూడను మొక్కుకున్నవాళ్లు, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని బిడ్డను అడిగినవాళ్లు, ఆ పుట్టిన బిడ్డను ఇప్పుడు భుజాన వేసుకుని నడుస్తున్నవాళ్లు. మన ఇంటి ముందు నుంచి వెళ్తున్నది మన బంధువులే.

తిండి పెట్టే విషయంలో మన ఊరికి వంక పెట్టడానికి లేదు. పదడుగులకు ఒక పందిరి. పులిహోర, చక్రపొంగలి, ఇడ్లీ, మజ్జిగ, అరటిపళ్లు, బిస్కెట్లు. చేయి పట్టుకుని ఆపి మరీ పెడతారు. అది చూస్తే కడుపు నిండిపోతుంది. ఆ పెట్టే చేతులకు దణ్ణం. అయితే ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ దారిలో ఆకలితో పడిపోయిన మనిషిని మేము చూడలేదు. నీళ్లు తాగక పడిపోయిన ఆడవాళ్లను చూశాం.

చుట్టూ నీళ్లే. డ్రమ్ములు, ప్యాకెట్లు, సీసాలు, కావలసినన్ని. అయినా తాగరు. ఎందుకు తాగరో అడిగి తెలుసుకున్నాం. ఒక రాత్రి మాధవధార వైపు ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దమ్మ కూర్చుంది. అరవై ఐదు దాటి ఉంటుంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడి, అరికాలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ ఇంటి కోడలు స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ పుచ్చుకుంది, కళ్లకద్దుకుంది, పెదాలు తడుపుకుని గ్లాసు తిరిగి ఇచ్చేసింది. ‘తాగు పెద్దమ్మా’ అంటే, ‘వొద్దమ్మా, తాగితే మల్లా ఎక్కడికెల్తాం? ఆడకూతుర్లం’ అంది. ఆ కోడలు లోపలికి తీసుకెళ్లి బాత్రూం చూపించింది. బయటికొచ్చాక ఆ ముసలమ్మ నాలుగు గ్లాసులు నీళ్లు తాగింది, ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా. వెనక నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, అడగడానికి మొహమాటపడుతూ.

అసలు సంగతి ఇదీ. మధ్యాహ్నం బయల్దేరిన ఆడమనిషి తెల్లవార్లూ నడుస్తుంది. ఆషాఢం ఉక్క, సముద్రపు గాలిలో చెమట ఆరదు. నీళ్లు తాగకుండా ఓర్చుకుంటుంది. పొద్దున్నుంచీ ఉపవాసం ఒకటి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, గర్భిణులు కూడా వీళ్లలోనే ఉంటారు. కళ్లు తిరిగి పడిపోతే ‘అప్పన్న పరీక్ష’ అంటారు. కాదు. అది మనం తెరవని తలుపు. మగవాడు ఏ గోడ పక్కనో పని కానిచ్చేసుకుంటాడు. వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? అధికారులు తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు, కాదనం. లక్షల మంది నడిచే దారికి అవి ఏ మూలకు? అర్ధరాత్రి దాటేసరికి వాటిలో నీళ్లుండవు, లైటుండదు, లోపలికి అడుగు పెట్టలేం.

ఈ దారి పొడవునా వేల ఇళ్లున్నాయి. ప్రతి ఇంటికీ బాత్రూం ఉంది.

కాబట్టి మేము అడిగేది ఇది. ఈసారి కొత్తగా ఇంకో పులిహోర పందిరి వేయకండి. ఆ ఖర్చులో పదోవంతు కూడా అవ్వదు, మీ ఇంటి బాత్రూం ఆ ఒక్క రాత్రికి నడిచే ఆడవాళ్లకు ఇవ్వండి. అందరికీ కుదరదని తెలుసు. పెరట్లో బయట బాత్రూం ఉన్న ఇళ్లు, కింద సెల్లార్లో వాచ్‌మన్ బాత్రూం ఉన్న అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, ప్రైవేటు స్కూళ్లు, ట్యూషన్ సెంటర్లు, క్లినిక్కులు, పెట్రోలు బంకులు ముందుకు వస్తే చాలు. గుమ్మం దగ్గర ఒక అట్టముక్క కట్టండి: ‘ఆడవాళ్లకు బాత్రూం ఉంది. మొహమాటం లేదు, లోపలికి రండి.’ ఆ రెండో మాట తప్పకుండా రాయండి. అది లేకపోతే రారు.

దొంగలొస్తారేమోనని భయమా? న్యాయమైన భయమే. ఇంటి లోపలి తలుపుకి తాళం వేసి, బయట బాత్రూం మటుకే తెరవండి. వీధిలో నాలుగిళ్ల ఆడవాళ్లు కలిసి వంతులు వేసుకోండి. ఇద్దరిద్దరు రెండేసి గంటలు కూర్చుంటే తెల్లారిపోతుంది. పాడు చేస్తారేమోననా? గంటకోసారి ఒక బకెట్టు నీళ్లు కొట్టి ఫినాయిలు చల్లడమే. ముందు రోజే డ్రమ్ములు నింపి పెట్టుకోండి, ఆ రోజు కుళాయిని నమ్ముకోవద్దు. లోపల బల్బు వెలగాలి, గడియ పడాలి, బకెట్టూ మగ్గూ సబ్బూ ఉండాలి. ఒక మూల చెత్తబుట్ట, గూట్లో నాలుగు శానిటరీ ప్యాడ్లు పెట్టండి. దారిలో అనుకోకుండా నెలసరి వచ్చిన పిల్ల ఎవరిని అడుగుతుంది చెప్పండి? అప్పూఘర్ దగ్గర ఇళ్లున్నవాళ్లకు ఇంకో మాట. సముద్ర స్నానం చేసి వచ్చిన ఆడవాళ్లు తడిబట్టలతో రోడ్డు మీద చీరలు అడ్డం పట్టుకుని మార్చుకుంటున్నారు. ఒక గది, పోనీ నాలుగు కర్రలకు కట్టిన దుప్పటి చాటు, అదైనా ఇవ్వండి.

ఇది మీ మతమా మా మతమా అని చూసే పని కాదు. ఏ దేవుణ్ణి కొలిచే ఇంటివారైనా సరే, ఆ రాత్రి గుమ్మం తెరిస్తే ఆ ఇంటికి వేలమంది తల్లుల దీవెన.

రెండోది, కాళ్లు. చెప్పుల్లేని కాళ్లకు రోడ్డే దేవుడి ప్రాంగణం. మరి ఆ రోడ్డు మీద ఏముంటున్నాయి? పగిలిన కొబ్బరి చిప్పలు, సీసా పెంకులు, ఐస్‌క్రీం పుల్లలు, తిని పారేసిన విస్తరాకుల కింద కనపడని పిన్నులు. పులిహోర నూనె మీద కాలు జారి పడ్డవాళ్లున్నారు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం. అయినా మన పందిళ్ల దగ్గరే గుట్టలు. అసలు గ్లాసెందుకు? మన పల్లెల్లో చలివేంద్రం అంటే కుండ, లోటా, దోసిలి. దోసిలి పట్టమని ధారగా పోయండి, లేదా వాళ్ల సీసాల్లో నింపండి. మజ్జిగకు స్టీలు గ్లాసులు పెట్టి కడగండి. కడగడానికి కుర్రాళ్లను కూర్చోబెట్టండి, సంతోషంగా కడుగుతారు. పందిరి వేసినవాళ్లు అటు యాభై అడుగులు, ఇటు యాభై అడుగులు ఊడ్చే బాధ్యత కూడా తీసుకోవాలి. ఆ పని చెయ్యనివారు పెట్టింది సేవే, కాదనం. కానీ ఆ వెనక నడిచేవారికి ముల్లు మిగిల్చినట్టే.

అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపిన స్వామికి నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున చందనం పూస్తారు. ఆఖరి విడత ఈ ఆషాఢ పౌర్ణమికే. అంటే మన వీధి దాటి వెళ్లినవాళ్లు కొండ దగ్గరకు చేరే వేళకు స్వామి చల్లబడతాడు. ఆ గంధం అరగదీసే భాగ్యం మనకు లేదు. అరికాళ్లు మండుతూ వచ్చినవాళ్ల పాదాల మీద నాలుగు చెంబుల నీళ్లు పోసే భాగ్యం ఉంది. గుమ్మం ముందు ఒక బల్ల వేసి, ఒక బకెట్టు నీళ్లు, కాస్త కొబ్బరి నూనె, దూది, కట్టు గుడ్డ పెట్టండి.

మూడోది, మైకులు. భక్తి పాటలు పెట్టవద్దని ఎవరు అంటారు? కానీ ఒక పందిరి డీజే ఇంకో పందిరి డీజేతో పోటీపడితే గుండె జబ్బు ఉన్న ముసలివాళ్లు చెవులు మూసుకుని పరుగులాంటి నడక నడుస్తున్నారు. పిల్లవాడు తప్పిపోయాడని తల్లి ఏడుస్తూ వచ్చి చెప్పినా పక్కవాడికి వినపడదు. ఈ కొండ స్థలపురాణం గుర్తు చేసుకోండి. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో తోయించి మీద కొండ వేయిస్తే, ఆ బిడ్డ కోసం స్వామి దూకి వచ్చి కాపాడిన చోటు ఇది. అలాంటి కొండ చుట్టూ ఒక పసివాడు ‘అమ్మా’ అని ఏడుస్తూ తిరుగుతుంటే మన మైకు ఆ ఏడుపును మింగేయకూడదు. సౌండు తగ్గించండి. తప్పిపోయినవారి పేర్లు చదవడానికి గంటకోసారి పాట ఆపండి.

ఇప్పుడు నడిచే కుటుంబాలకు నాలుగు మాటలు. ఈ కాగితం మీ చేతికి కూడా వస్తుంది కాబట్టి చెప్తున్నాం.

పిల్లల చేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. జేబులో చీటీ పెడితే తడిసిపోతుంది. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో బయల్దేరకముందే అనుకోండి. ఆషాఢంలో సముద్రం మంచిది కాదు, అల లాగేస్తుంది. పిల్లల్ని నీళ్లలో దింపకండి, చెంబుతో తల మీద పోస్తే స్నానమే. మనిషికో సీసా మీరే తెచ్చుకోండి. మాత్రలు సంచీ అడుగున కాదు, పైన ఉంచుకోండి.

మీ ఇంట్లో నడవలేని పెద్దవాళ్లుంటే పట్టుబట్టి లాక్కురావద్దు. వాళ్లే పట్టుబడితే బుజ్జగించి చెప్పండి. 32 కిలోమీటర్లు తిరగలేనివాళ్లు కొండపైన గుడి చుట్టూ ప్రదక్షిణ చేసుకుంటారు, అదీ ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ప్రహ్లాదపురం చేరేసరికి మామయ్యగారి ముఖం నల్లబడి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతోందంటే ‘ఇంకెంత, వచ్చేశాం’ అనకండి. అక్కడే కూర్చోబెట్టి దగ్గరున్న పోలీసునో, వైద్య శిబిరాన్నో పిలవండి. మొక్కు వచ్చే ఏడాది తీర్చుకోవచ్చు. స్వామి ఎక్కడికీ పోడు.

ఇక పని. చతుర్దశికి ముందు రోజు, త్రయోదశి ఉదయం 6 గంటలకు ప్రతి ఇంటి నుంచి ఒకరు చీపురు, గోనె సంచీ పట్టుకుని తమ ఇంటి ముందు రోడ్డు మీదకు రావాలి. సీసా పెంకులూ మేకులూ చేత్తో ఏరకండి, చీపురుతో తోసి సంచీలోకి ఎత్తండి. అదే రోజు సాయంత్రానికి బాత్రూం ఇచ్చే ఇళ్లవారు అట్టముక్కలు కట్టేయాలి. వీధికి ఒకరు పెద్దగా ఉండి ఏ గుమ్మం తెరిచి ఉందో రాసుకుని, రెండు వైపులా ఉన్న వీధుల వారికి చెప్పాలి. అలా చెప్పుకుంటే మన వీధి దాటిన ఆడకూతురికి ‘తర్వాత ఎక్కడమ్మా?’ అంటే చూపించగలం. పౌర్ణమి ఉదయం, ఆఖరి గుంపు దాటిపోయాక, మళ్లీ చీపుర్లతో ఒక గంట.

ఈ కాగితం చదివాక రోడ్డు మీద పడేయకండి. పక్కింటివారికి ఇవ్వండి, ఇంట్లో ఆడవాళ్ల చేత చదివించండి. తలుపు తియ్యాలా వద్దా అన్నది వాళ్లనే నిర్ణయించనివ్వండి.

ఇట్లు,
గిరి ప్రదక్షిణ దారిలోని కొందరు గృహస్థులు, గృహిణులు